ఐర్లండుకూ ఉగాండాకూ మధ్య బంధం ఎప్పటిది, ఎలాంటిది?

లిఫీ ఒడ్డు అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నేను నాలుగేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాను. మా విభాగంలో ఉగాండా నుంచి వచ్చిన ఒక సహోద్యోగిని ఉన్నారు. గత వారం భోజన విరామంలో తమ అమ్మమ్మగారి అనారోగ్యం సంగతి చెబుతూ, ఆవిడను "కెవినా"కు తీసుకువెళ్ళారని అన్నారు. అది ఊరి పేరో, డాక్టరు పేరో అయివుంటుందని అనుకున్నాను. తీరా అడిగితే, వారి లుగాండా భాషలో ఆసుపత్రికి, ముఖ్యంగా మిషనరీల ధర్మాసుపత్రికి, పెద్దవాళ్ళు వాడే మాట అదని, అసలు అది ఒక ఐరిష్ స్త్రీ పేరని చెప్పారు. ఈ దేశంలోనే ఉంటూ ఆ సంగతి తెలియదా అని నవ్వారు కూడా. తమాషా ఏమిటంటే, అదే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు ఐరిష్ మిత్రులకూ అది తెలియదు.

అప్పటినుంచి నన్ను ఒక సందేహం వదలడం లేదు. ఐర్లండుకు ఎన్నడూ సామ్రాజ్యం లేదు. పైగా అది కూడా మనలాగే ఆంగ్లేయుల ఏలుబడిలో మగ్గిన దేశం. ఉగాండా చూడబోతే ఆఫ్రికా నడిబొడ్డున, సముద్రతీరమే లేని దేశం. వర్తకానికో, వలసలకో ఈ రెండింటి మధ్య సహజమైన దారి ఏదీ నాకు కనిపించదు. అలాంటప్పుడు ఒక ఐరిష్ పేరు అక్కడి భాషలో మాటగా మారిపోయేంత చనువు ఎలా ఏర్పడింది? ఇది కేవలం దానధర్మాల సంబంధమా, లేక రెండు ప్రభుత్వాల మధ్య, రెండు ప్రజల మధ్య అంతకన్నా లోతైనది ఏదైనా ఉందా? ఆఫ్రికాలో నివసించినవారు, ఈ విషయం చదువుకున్నవారు ఎవరైనా వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

విక్టోరియా తీరం ఇచ్చిన సమాధానం:

లిఫీ ఒడ్డు గారికి నమస్కారం. నేను పన్నెండేళ్ళు కంపాలాలో మందుల కంపెనీ ఉద్యోగంలో ఉండి, ఈమధ్యనే హైదరాబాదుకు తిరిగివచ్చాను. ఉద్యోగరీత్యా మిషన్ ఆసుపత్రుల చుట్టూ బాగా తిరిగినవాణ్ణి కనుక కెవినా కథ కొంత తెలుసు.

ఆవిడ అసలు పేరు తెరెసా కార్నీ. 1875లో ఐర్లండు తూర్పు తీరంలోని విక్లో కౌంటీలో, ఆర్క్‌లో పట్టణం దగ్గరి ఒక పల్లెలో పుట్టారు. ఆవిడ భూమ్మీద పడకముందే తండ్రి ప్రమాదంలో పోయారు, పదేళ్ళ వయసులో తల్లి పోయింది, అమ్మమ్మ పెంచింది. కొన్నాళ్ళు బడిపంతులమ్మగా పనిచేసి, 1895లో లండన్ శివార్లలోని మిల్ హిల్‌లో ఫ్రాన్సిస్కన్ మఠంలో చేరి, సిస్టర్ మేరీ కెవిన్ (తరవాతి మదర్ కెవిన్) అయ్యారు. 1902 డిసెంబరులో మరో ఐదుగురు కన్యస్త్రీలతో ఓడ ఎక్కి, 1903 జనవరి 15న కంపాలాలోని న్సాంబ్యా కొండకు చేరారు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఐరిష్ వారు కాగా, మిగిలిన ముగ్గురిలో ఒకరు ఇంగ్లండు, ఒకరు స్కాట్లండు, ఒకరు అమెరికా నుంచి వచ్చినవారు.

వారు వచ్చిన సమయం చూడండి. మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా వేసిన ఉగాండా రైలుమార్గం 1901లోనే సరస్సును చేరింది. ఆ పట్టాలు పరచడానికి మన దేశం నుంచి తీసుకువెళ్ళిన కూలీలు దాదాపు 32,000 మంది, వారిలో 2,500 మంది దాకా అక్కడే చనిపోయారు. వాళ్ళు తెలుగువారు కారు, ఎక్కువమంది పంజాబు వైపువారు. త్సావో వంతెన దగ్గర ఆ కూలీలను సింహాలు ఎత్తుకుపోయిన కథ చాలామంది వినే ఉంటారు. 1898లో వాటిని చంపిన ఇంజనీరు పాటర్సన్ కూడా ఐర్లండులో పుట్టినవాడే. అంతకుముందు సరస్సు దాకా రావాలంటే నెలల తరబడి నడక. కాబట్టి ఐరిష్ కన్యస్త్రీల వంటివారికి ఉగాండా తలుపు తెరుచుకోవడంలో మన కూలీల చెమట, నెత్తురు ఉన్నాయన్నది నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ మరచిపోలేకపోయిన సంగతి.

సరే, విషయానికి వస్తాను. న్సాంబ్యాలో మొదటి దవాఖానా ఒక మామిడిచెట్టు కింద మొదలైంది. అది నిద్రజాడ్యం ప్రబలిన కాలం. సరస్సు ఉత్తర తీరంలో కొద్ది ఏళ్ళలోనే రెండు లక్షలమందికి పైగా ఆ జబ్బుకు బలయ్యారు. మశూచి, మలేరియా, బాలింత మరణాలు సరేసరి. ఆ చెట్టు కింది దవాఖానాయే ఈనాడు కంపాలాలోని పెద్ద ఆసుపత్రులలో ఒకటైన న్సాంబ్యా ఆసుపత్రి. తరవాత వరసగా బడులు, మంత్రసానుల శిక్షణ, 1930లలో న్యెంగా, బులుబా అనే చోట్ల కుష్ఠురోగుల ఆశ్రమాలు వెలిశాయి. ఆడపిల్లల చదువుకు ఈనాటికీ పేరున్న నమగుంగా బడి 1942లో ఆ సంస్థ నుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి. 1923లో మదర్ కెవిన్ న్కొకొంజెరులో ఆఫ్రికన్ స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఒక కన్యస్త్రీల సభను స్థాపించారు. సెయింట్ ఫ్రాన్సిస్ చిన్న సోదరీమణులు అని దాని పేరు. స్థానిక స్త్రీలను ఐరోపా మఠంలో సహాయకులుగా చేర్చుకుని ఊరుకోకుండా, వారి చేతికే ఒక సంస్థను అప్పగించడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. ఐరిష్ సభ్యుల సంఖ్య తగ్గిపోయిన ఈ కాలంలో కూడా ఆ సభ నిలిచి ఉన్నది అందువల్లనే. ఆవిడ తమ సొంత మిషనరీ సభను, ఐర్లండులోని డండాక్ దగ్గర కేంద్రంగా, 1952లో గానీ వేరుగా ఏర్పాటు చేసుకోలేదు. అంటే ఆఫ్రికన్ సభ అక్కగారు, ఐరిష్ సభ చెల్లెలు.

సూక్ష్మదర్శిని ఇచ్చిన సమాధానం:

విక్టోరియా తీరం గారు చక్కగా చెప్పారు. నేను గుంటూరులో విశ్రాంత పాథాలజిస్టును. మన వైద్య కళాశాలల్లో చదివిన ప్రతివారికీ ఐర్లండు, ఉగాండాల బంధం ఒక రోగం పేరుతో పరిచయమే; కాకపోతే అది బంధమని ఎవరూ చెప్పరు. దాని పేరు బర్కిట్ లింఫోమా, పిల్లలకు ఎక్కువగా వచ్చే ఒక క్యాన్సరు. సూక్ష్మదర్శిని కింద నల్లని కణాల మధ్య అక్కడక్కడా తెల్లని మచ్చలు మెరుస్తూ, చుక్కల ఆకాశంలా కనిపిస్తుందని పరీక్షల కోసం వల్లెవేస్తాము. ఆ ఆకాశం మొదట కనిపించింది కంపాలా మీద.

డెనిస్ బర్కిట్ 1911లో ఫెర్మానా కౌంటీలోని ఎన్నిస్కిలెన్‌లో పుట్టి, డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో వైద్యం చదివాడు. చిన్నతనంలో రాయి తగిలి ఒక కన్ను పోయింది. ఒంటికంటితోనే సర్జన్ అయ్యాడు. 1946లో బ్రిటిష్ వలస వైద్యసేవలో ఉగాండా వెళ్ళి, మొదట ఉత్తరాన లీరాలో, తరవాత కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేశాడు. 1957లో ఒకనాడు సహోద్యోగి ట్రోవెల్ ఒక ఐదేళ్ళ పిల్లవాణ్ణి చూడమని పిలిచాడు. ఆ పిల్లవాడికి దవడలు రెండువైపులా, పైనా కిందా వాచి ఉన్నాయి. చీముగడ్డ అయితే ఒకచోట ఉంటుంది గాని నాలుగుచోట్ల ఒకేసారి ఎందుకు లేస్తుంది? జవాబు దొరకలేదు. కొద్ది వారాలకే, జింజా ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, కిటికీలోంచి చూస్తే బయట పచ్చికమీద అటువంటి ముఖంతోనే ఇంకొక బిడ్డ కనిపించింది. ఒక్కటైతే వింత అనుకుని వదిలేయవచ్చు, రెండోది కనబడ్డాక వదలలేకపోయాడు. పాత రికార్డులు తిరగేసి, 1958లో మొదటి వ్యాసం ప్రకటించాడు.

తరవాత చేసిన పని నాకు మరీ ఇష్టం. ఫొటోలు జతచేసిన ప్రశ్నపత్రాలను ఆఫ్రికా అంతటా ఉన్న ఆసుపత్రులకు పంపి, వచ్చిన జవాబులను పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ఖండం నడుమన అడ్డంగా ఒక పట్టీ తేలింది. దాని అంచులు ఎక్కడ, ఎందుకు ఆగుతున్నాయో కళ్ళారా చూడాలని 1961 చివర, 250 పౌండ్లకు కొన్న ఒక పాత ఫోర్డు కారులో ఇద్దరు స్నేహితులతో బయలుదేరి, పది వారాలలో దాదాపు పదివేల మైళ్ళు తిరిగాడు. చలి ఎక్కువైన ఎత్తు ప్రదేశాల్లోనూ, వాన చాలని చోట్లలోనూ ఆ జబ్బు లేదని, అంటే దోమలు, మలేరియా ఉన్నచోటనే ఉందని తేలింది. ఇంకొక ముచ్చట చెప్పాలి. అతని తండ్రి ఫెర్మానా కౌంటీ సర్వేయరు. తీరిక వేళల్లో రాబిన్ పిట్టల కాళ్ళకు కడియాలు తొడిగి, ఏ పిట్ట హద్దు ఎంతవరకో పటాలు గీసిన పక్షి పరిశోధకుడు ఆయన. తండ్రి పిట్టల సరిహద్దులు గీస్తే కొడుకు ఒక క్యాన్సరు సరిహద్దులు గీశాడు.

1961లో లండన్‌లో బర్కిట్ ఇచ్చిన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టైన్, ఇది వైరస్ వల్ల వస్తుందేమోనని పట్టుబట్టి, కంపాలా నుంచి గడ్డల ముక్కలు విమానంలో తెప్పించుకోసాగాడు. రెండేళ్ళు ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో ఒకరోజు లండన్‌లో పొగమంచు కమ్మి, నమూనా ఉన్న విమానాన్ని మాంచెస్టరుకు మళ్ళించారు. ఆలస్యంగా అందిన సీసాలో ద్రవం మబ్బుగా కనిపిస్తే కుళ్ళిపోయిందనుకున్నారు. తీరా చూస్తే అవి ముక్కనుంచి విడివడి తేలుతున్న బతికిన కణాలు. వాటిని పెంచడం వల్లనే 1964లో ఎప్‌స్టైన్–బార్ వైరస్ బయటపడింది. మనిషిలో క్యాన్సరుకు కారణమవుతుందని తెలిసిన మొట్టమొదటి వైరస్ అదే. ఆ పేరులోని బార్, అంటే ఇవాన్ బార్, ఐర్లండులోని కార్లోలో పుట్టి, ట్రినిటీలోనే చదివిన యువతి. మూడో పరిశోధకుడు బెర్ట్ అచోంగ్ ట్రినిడాడ్ వాడైనా వైద్యం చదివింది డబ్లిన్‌లోనే. లిఫీ ఒడ్డు గారూ, మీరు రోజూ దాటే ఊళ్ళో చదివిన ముగ్గురు, కంపాలా పిల్లల దవడ నుంచి మొదలైన ఒక్క కథలో ఇలా కలిశారు.

కాని మేము చదివిన, చెప్పిన పాఠాల్లో ఆ పిల్లల పేర్లు లేవు. నేను ముప్ఫై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను; ఆ సంగతి నాకు తట్టింది ఉద్యోగ విరమణ తరవాతే. అందుకని ఒక ఉగాండా పేరు చెప్పి తీరాలి. సెబాస్టియన్ క్యాల్వాజీ తూర్పు ఆఫ్రికాలో తొలి ఆఫ్రికన్ సర్జన్లలో ఒకరు. దూరదేశాల రేడియేషన్ యంత్రాలు అందుబాటులో లేని ములాగోలో, మందులతోనే ఈ గడ్డలు కరిగిపోతున్నాయని చూపిన పనిలోనూ, 1967లో వెలసిన ఉగాండా క్యాన్సర్ సంస్థ వెనకా ఆయన పాత్ర పెద్దది. నియంత ఇదీ అమీన్ హయాంలో అక్కడ పనిచేస్తున్న అమెరికా వైద్యులు వెళ్ళిపోయాక, ఛార్లెస్ ఒల్వెనీ ఆ సంస్థను మూతపడకుండా నడిపారు. బర్కిట్ అప్పటికే ఇంగ్లండు వెళ్ళి, ఉగాండా పల్లెటూళ్ళ తిండి జ్ఞాపకాలతో పీచు పదార్థాల మహిమ ప్రచారం చేస్తున్నాడు. ఈనాడు మన డాక్టర్లు పీచు ఎక్కువగా తినమని చెప్పేటప్పుడు అందులో ఉగాండా రైతుల అరటికాయ, జొన్న, చిలగడదుంపల వాటా కొంత ఉందని గ్రహించాలి.

లిఫీ ఒడ్డు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చదువుతుంటే నాకు రెండు కొత్త సందేహాలు కలిగాయి. బర్కిట్ పుట్టిన ఎన్నిస్కిలెన్ ఇప్పుడు ఉత్తర ఐర్లండులో, అంటే బ్రిటన్ ఏలుబడిలో ఉంది. ఆయన పనిచేసింది బ్రిటిష్ వలస సేవలో. మరి ఆయనను ఐరిష్ బంధంలో లెక్కించడం న్యాయమేనా? రెండోది: మీరు చెప్పినవన్నీ వ్యక్తుల కథలు. ప్రభుత్వాల సంగతి ఏమిటి? కంపాలాలో ఐర్లండుకు దౌత్య కార్యాలయం ఉందా?

రాయబారం ఇచ్చిన సమాధానం:

నేను అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తాను కనుక రెండో ప్రశ్న నా వంతు. మొదటి ప్రశ్నకు ఒక్క వాక్యం: 1911లో ఐర్లండు ద్వీపమంతా ఒకటే, విభజన జరిగినది పదేళ్ళ తరవాత, అందువల్ల పుట్టుకను బట్టి, చదువును బట్టి ఆయన ఐరిష్ వాడే, ఉద్యోగాన్ని బట్టి సామ్రాజ్యపు మనిషి, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడమే ఆ కాలపు ఐర్లండు స్వభావం.

ఇక ప్రభుత్వాల విషయం. ఉగాండా 1962 అక్టోబరు 9న స్వతంత్రమైంది. ఐర్లండు 1973లో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరి, మరుసటి ఏడు అధికారికంగా విదేశీ సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది. అయినా కంపాలాలో ఐరిష్ రాయబార కార్యాలయం తెరిచింది 1994లో మాత్రమే; ఉగాండాను తన సహాయానికి ముఖ్యదేశంగా ఎంచుకున్నది కూడా అప్పుడే. అంటే మదర్ కెవిన్ అడుగుపెట్టిన 91 ఏళ్ళకు గాని రాజ్యం రాలేదు. ఉగాండా తరఫున డబ్లిన్‌లో కార్యాలయం లేదు. లండన్‌లోని వారి హైకమిషనే ఐర్లండు వ్యవహారాలూ చూస్తుంది. మనవారికి ఆసక్తి కలిగించే చిన్న తేడా ఒకటి ఉంది. కంపాలాలో భారతదేశానికీ బ్రిటన్‌కూ ఉన్నవి హైకమిషన్లు, ఐర్లండుకు ఉన్నది ఎంబసీ. కామన్‌వెల్తు దేశాలు ఒకదాని దగ్గర ఒకటి హైకమిషనర్లను ఉంచుకుంటాయి. ఐర్లండు 1949లో గణతంత్రమై కామన్‌వెల్తు నుంచి బయటికి వచ్చింది. గేటు మీది ఆ ఒక్క మాటలో ఐరిష్ వారి చరిత్ర సగం ఉంది.

సహాయం ఎక్కువగా ఈశాన్యంలోని కరమోజా ప్రాంతం మీద, విద్య మీద, ఎయిడ్స్ నివారణ మీద కేంద్రీకృతమైంది. కరమోజా పశుపాలకుల నేల. వానలు నమ్మలేని, పశువుల దోపిడీలతో, తుపాకులతో దశాబ్దాలు నలిగిన సీమ. కంపాలా పాలకులే చాలాకాలం పట్టించుకోని ఆ మూలను ఎంచుకోవడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

అయితే ఈ బంధానికి అసలు పరీక్ష 2012లో వచ్చింది. ఉత్తర ఉగాండాలో లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం చేసిన యుద్ధంలో చితికిపోయిన జిల్లాల పునర్నిర్మాణానికి ఐర్లండు, స్వీడన్, నార్వే, డెన్మార్కు ఇచ్చిన సొమ్ములో సుమారు 1 కోటీ 20 లక్షల యూరోలు ప్రధానమంత్రి కార్యాలయపు ఖాతాలలో దారి మళ్ళాయి. అందులో ఐర్లండు వాటా 40 లక్షలు. దాన్ని బయటపెట్టింది విదేశీయులు కాదు, ఉగాండా ఆడిటర్ జనరల్ కార్యాలయమే అన్నది గుర్తుంచుకోవాలి. ఐర్లండు అప్పుడు తీవ్రమైన ఆర్థిక సంక్షోభంలో, తానే అప్పులు తెచ్చుకుని ఇంట్లో ఖర్చులు కోసుకుంటున్న స్థితిలో ఉంది. కాబట్టి ప్రజల కోపం ఎలా ఉండివుంటుందో ఊహించవచ్చు. ప్రభుత్వం ద్వారా వెళ్ళే సహాయాన్ని వెంటనే నిలిపివేశారు. 2013 ఆరంభంలో ఉగాండా ఆ 40 లక్షలను పూర్తిగా తిరిగి చెల్లించింది. దాత దేశానికి సొమ్ము తిరిగి రావడం అరుదైన సంగతి. అయినా ఆ తరవాత ఐర్లండు తన సహాయాన్ని చాలావరకు ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా, స్వచ్ఛంద సంస్థల ద్వారా పంపసాగింది. డబ్బు వెనక్కి వచ్చింది గాని, నమ్మకం అంత తొందరగా రాలేదు.

దానధర్మాలు కాని సంబంధాలూ ఉన్నాయి. సూక్ష్మదర్శిని గారు చెప్పిన కార్లో కౌంటీలోనే టల్లో అనే చిన్న ఊరుంది. 1985లో అక్కడ పుట్టి ఆ ఊరి పేరే పెట్టుకున్న టల్లో ఆయిల్ కంపెనీ, ఆల్బర్ట్ సరస్సు పరిసరాలలో 2006 నుంచి వెలుగులోకి వచ్చిన చమురు నిక్షేపాలలో ప్రధాన పాత్రధారి అయింది. మూలధన లాభాల పన్ను మీద ఉగాండా ప్రభుత్వంతో ఏళ్ళ తరబడి తగువు నడిచి, 2015లో 25 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. చివరికి 2020లో తన వాటాను 57 కోట్ల 50 లక్షల డాలర్లకు ఫ్రెంచి కంపెనీ టోటల్‌కు అమ్ముకుని టల్లో వెళ్ళిపోయింది. వచ్చినవారందరూ మామిడిచెట్టు కింద కూర్చోవడానికే రాలేదు మరి. సైనిక రంగంలోనూ ఒక ముచ్చట ఉంది: సోమాలియా సైనికులకు ఐరోపా సమాఖ్య పశ్చిమ ఉగాండాలోని బిహంగాలో శిక్షణ ఇచ్చినప్పుడు, 2011 నుంచి 2013 దాకా దానికి సారథ్యం వహించినది మైకేల్ బియరీ అనే ఐరిష్ అధికారి. తటస్థ దేశానికి చెందిన అధికారి, ఆఫ్రికా నడుమ, మూడో దేశపు సైన్యాన్ని తీర్చిదిద్దడం విచిత్రమే.

భేదాభిప్రాయాలు కూడా దాచనక్కరలేదు. స్వలింగ వివాహాన్ని 2015లో ప్రజాభిప్రాయ సేకరణతో ఆమోదించిన ఐర్లండు, స్వలింగ సంబంధాలకు కఠినశిక్షలు విధిస్తూ 2023లో ఉగాండా చేసిన చట్టాన్ని మెచ్చలేకపోయింది. ఒకప్పుడు తాము నూరిపోసిన కథోలిక నీతి నుంచి ఐరిష్ వారు దూరం జరగగా, దాన్ని అందుకున్నవారిలో చాలామంది అక్కడే నిలబడి ఉన్నారన్నది ఇందులోని చేదు హాస్యం.

లిఫీ ఒడ్డు:

రాయబారం గారి చివరి వాక్యం నన్ను ఆలోచింపజేసింది. అలాగైతే మిషనరీల పనిని కూడా వలసపాలనలో ఒక భాగంగానే చూడాలా? విక్టోరియా తీరం గారు అక్కడివారితో కలిసిమెలిసి ఉన్నారు గనుక వారి మాట వినాలనుంది.

విక్టోరియా తీరం:

దాటవేయకుండా చెబుతాను. మిల్ హిల్ మిషన్, అంటే లండన్ శివార్లలోని ఆ మిల్ హిల్ కేంద్రంగా ఉన్న కథోలిక మతప్రచారక సభ, ఉగాండాకు పిలిపించుకోబడిన కారణమే రాజకీయం. అంతకుముందు అక్కడ కథోలికులంటే ఫ్రెంచివారు, ప్రొటెస్టెంట్లంటే ఆంగ్లేయులు అన్న భావన పాతుకుని, 1892లో రెండు వర్గాలు కంపాలాలో కత్తులు, తుపాకులు దూసుకున్నాయి. కథోలికులందరూ ఫ్రెంచివారు కారని చూపడానికి ఇంగ్లీషు మాట్లాడే కథోలిక ప్రచారకులు కావలసివచ్చి, 1895లో మిల్ హిల్‌వారు వచ్చారు. వారి వెనకనే ఐరిష్ కన్యస్త్రీలు. మదర్ కెవిన్ మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన క్యారియర్ కూలీలకు, అంటే సైన్యానికి బరువులు మోసినవారికి, చేసిన సేవకు బ్రిటిష్ ప్రభుత్వం 1918లో బిరుదు కూడా ఇచ్చింది. ఆంగ్లేయుల మీద తిరుగుబాటుతో ఐర్లండు రగులుతున్న రోజులవి! కనుక సామ్రాజ్యపు గొడుగు నీడ వాళ్ళకు లేదనడం అబద్ధమవుతుంది. వారి బడులలో లుగాండా మాట్లాడినందుకు దెబ్బలు తిన్నామని చెప్పిన పెద్దవాళ్ళను నేను ఎరుగుదును. తమ గేలిక్ భాష అదే విధంగా బడులలోనే దెబ్బతిన్న దేశంనుంచి వచ్చినవారు ఆ పని ఎలా చేయగలిగారన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అదే సమయంలో, ప్రసూతి వార్డుల్లో వారు చేసినది ఆ లెక్కలో ఇమడదు. కన్యస్త్రీలు కాన్పులు చేయడాన్ని రోమ్ 1936 వరకు అనుమతించలేదు. ఆ నిషేధం తొలగగానే, 1937లో డబ్లిన్‌కు చెందిన మేరీ మార్టిన్ మెడికల్ మిషనరీస్ ఆఫ్ మేరీ అనే సభను స్థాపించారు. ఆ సభవారే ఉగాండాలో మసాకా దగ్గరి కిటోవు ఆసుపత్రిని పెంచారు. కార్క్ కౌంటీలోని యాల్‌లో పుట్టిన డాక్టరు సిస్టర్ మౌరా లించ్ 1987 నుంచి 2017లో కన్నుమూసేదాకా అక్కడే ఉండి, కష్టకాన్పులో మూత్రాశయం చిరిగి, నిరంతరం మూత్రం కారుతూ, భర్తలు వదిలేసి, ఊరు వెలివేసిన స్త్రీలకు వెయ్యికి పైగా శస్త్రచికిత్సలు చేశారు. న్సాంబ్యాలో సిస్టర్ మిరియమ్ డగ్గన్, మసాకా పల్లెలలో కిటోవు సంచార బృందం, ఎయిడ్స్ రోగుల ఇళ్ళకు నడిచి వెళ్ళిన రోజుల్లో మందే లేదు. చేయి పట్టుకోవడం, ఒళ్ళు తుడవడం, తలిదండ్రులు పోయిన పిల్లలకు బడి ఫీజు కట్టడం, అంతే.

సూక్ష్మదర్శిని:

1936 నాటి నిషేధం మాట వచ్చింది గనుక మా ఊరి సంగతి ఒకటి చేర్చకుండా ఉండలేను. ఆ అనుమతికి పదహారేళ్ళ ముందే, 1920లో, ఆస్ట్రేలియా నుంచి డాక్టరు మేరీ గ్లౌరీ గుంటూరు వచ్చి, కన్యస్త్రీ అయికూడా వైద్యం చేయడానికి పోపు నుంచి ప్రత్యేకానుమతి పొందారు. మా సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి ఆవిడ చేతి మీదుగా పెరిగినదే. ఆవిడా, మదర్ కెవినూ ఒకే ఏడాది, 1957లో, పోయారు. గుంటూరులో "గ్లౌరీ" అన్న మాటకు ఆసుపత్రి అన్న అర్థం మాత్రం రాలేదు. ఆ భాగ్యం కంపాలాకే దక్కింది.

విక్టోరియా తీరం:

సూక్ష్మదర్శిని గారు 1957 మాట ఎత్తారు గనుక, లిఫీ ఒడ్డు గారి మొదటి ప్రశ్నకు నేను చెప్పవలసి మిగిలినది కూడా ఆ ఏడాదిలోనే ఉంది. అప్పటికి మదర్ కెవిన్ తమ పదవీ బాధ్యతల నుంచి విరమించుకుని, అమెరికాలోని బోస్టన్‌లో ఆఫ్రికా మిషన్లకు చందాలు పోగుచేస్తున్నారు. అక్టోబరు 17న అక్కడే కన్నుమూశారు. దేహాన్ని ఐర్లండుకు తెచ్చి, తమ సభ కేంద్రమైన డండాక్ దగ్గరి మౌంట్ ఆలివర్‌లో ఖననం చేశారు. ఐరిష్ వారి లెక్కలో అది సొంత ఇంటికి చేరడమే. కాని ఉగాండా కథోలికులు ఒప్పుకోలేదు. ఆవిడ తమ మనిషి గనుక తమకే పంపాలని పట్టుబట్టారు. ఆ పట్టుదలకు లొంగి సమాధి తవ్వి, పేటికను విమానంలో ఎంటెబ్బెకు పంపారు. డిసెంబరులో న్కొకొంజెరులో, ఆవిడ ఆఫ్రికన్ స్త్రీల చేతికి అప్పగించిన సభ ఆవరణలోనే, రెండోసారి ఖననం చేశారు.

మీ సహోద్యోగినిని ఒకసారి న్కొకొంజెరు గురించి అడగండి. వారి అమ్మమ్మగారి ఊరు ఆ చుట్టుపక్కలదే అయితే, ఆ రోజు దారి పొడవునా నిలబడినవారిలో ఆవిడ కూడా ఉండి ఉండవచ్చు.